రాజు సంగతి సరే, తోలుకొని పోయినోళ్ళ సంగతేంది?

యుద్ధం వల్ల మామూలు మనుషులకు ఏమవుతుందో పిల్లలకు చదివించి ఎలా తెలియజెప్పాలి, ఏ వయసులో మొదలుపెట్టాలి అని అడిగారు. నన్నడిగితే పుస్తకం దాకా కూడా అక్కర్లేదు, ఒక్క పేజీ చాలు. కాకపోతే ఆ పేజీ గెలిచినవాడి గొప్పల గురించి ఉండకూడదు.

2025 మే నెలలో మా అన్న పిల్లలు వేసవి సెలవులకని చిత్తూరు నుంచి తిరుపతికి మా ఇంటికి వచ్చారు. ఆపరేషన్ సిందూర్ జరుగుతున్న రోజులవి, మా ఇంట్లో టీవీ కట్టేసిందే లేదు. ఒక రాత్రంతా కరాచీ ఓడరేవు బూడిదైపోయిందని యాంకర్లు గొంతులు చించుకున్నారు, అది ఉత్తిదే అని తర్వాత తేలింది, అయినా అదే గొంతుతో ఇంకో వార్త అందుకున్నారు. మా చిన్నోడు మిద్దె మీద అట్టముక్కలతో డ్రోన్లు చేసుకుని మనకెన్ని, వాళ్ళకెన్ని అని నోట్‌బుక్‌లో స్కోరు వేస్తున్నాడు. ఐపీఎల్ కూడా ఆపేశారు కదా, వాడికి అదే మ్యాచ్.

వాడి అక్క ఆరో తరగతి అయిపోయి ఏడుకు పోతోంది. అశోకుడి గురించి చెప్పవే అంటే గడగడా అప్పజెప్పింది. కళింగ యుద్ధం, క్రీ.పూ. 261, మనసు మారింది, బౌద్ధం, రోడ్డుకు ఇరువైపులా చెట్లు నాటించెను. రెండు మార్కులు వచ్చేశాయి, యుద్ధం అయిపోయింది.

నేను డిగ్రీలో హిస్టరీ చదివాను. కళింగ యుద్ధం గురించి అశోకుడే బండల మీద చెక్కించిన 13వ శిలాశాసనానికి అప్పటి నోట్సులో తెలుగు ఉంటే వెతికి దాని చేతికిచ్చి పైకి చదవమన్నాను. ఆ రోజు మేం ఊరగాయ పనిలో ఉన్నాం. మా అమ్మ కాయలు కొడుతోంది, నేను ముక్కల్లోంచి జీడి తీసి, పొర గీకి, గుడ్డతో తుడుస్తున్నాను. లక్షన్నర మందిని అక్కడి నుంచి తరలించుకుపోయారు, లక్ష మందిని చంపారు, అంతకు ఎన్నో రెట్ల మంది తర్వాత చచ్చిపోయారు అని చదివి ఆగింది.

"అత్తా, ఈ లక్షన్నర మందిని యాడికి తోలుకొని పోయినారు?"

అందులో ఆ మాట లేదన్నాను.

"రాజు మారినాడు కదా. మరి వాళ్ళను మళ్ళీ ఇండ్లకు పంపించినాడా?"

అదీ లేదన్నాను. మా అమ్మ కత్తిపీట మీద నుంచి తలెత్తకుండానే అందుకుంది. "చెట్లు నాటింది కూడా రాయించుకున్నోడు, మనుషుల్ని ఇంటికి పంపించుంటే రాయించుకోడా?"

ఇన్నేళ్ళ చదువులో నాకు ఏ లెక్చరరూ ఈ ముక్క చెప్పలేదు.

లక్షన్నర అంటే ఎంత ఉంటారని పిల్ల మళ్ళీ అడిగింది. 2011 లెక్కల్లో చిత్తూరు టౌన్ జనాభా లక్షన్నర పైచిలుకు. అది చెప్పగానే గ్రీమ్స్‌పేట, కట్టమంచి, మురకంబట్టు అని వేళ్ళు మడుస్తూ, వాళ్ళ స్కూలు, ఆటో అన్న, వీధి చివర ఇస్త్రీ బండి ఆయన దాకా వెళ్ళింది. బొమ్మలు, వీడియోలు ఏమీ అక్కర్లేకపోయింది. అదే శాసనంలో ఇంకో మాట ఉంది: తమకు ఏ దెబ్బా తగలనివాళ్ళు కూడా తమ స్నేహితులకు, చుట్టాలకు వచ్చిన కష్టం చూసి బాధపడతారని. ఆ వాక్యం చదివించకుండా కళింగ యుద్ధం పాఠం చెప్పేవాళ్ళను ఏమనాలో నాకు తెలీదు.

ఇంకో సంగతి. ఈ శాసనం కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద ఉంది. కళింగలో మాత్రం, అంటే ధౌళి, జౌగడలో, దీన్ని చెక్కించలేదు, దాని బదులు వేరే శాసనాలు వేయించాడు. ఓడినవాళ్ళ కళ్ళెదుట ఆ అంకెలు పెట్టడానికి మొహం చెల్లలేదు, అంతే. పండితులు ఇంకేమైనా అంటారేమో, నా మాట నాది.

మన స్కూళ్ళేమో ప్రపంచ శాంతి మీద వ్యాసరచన పోటీ పెట్టి ప్లాస్టిక్ టిఫిన్ బాక్సు ఇచ్చి పంపిస్తాయి. క్విజ్‌లో హైదరాలీ ఎక్కడ చనిపోయాడని అడుగుతారు, చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట, 1782 అని మన పిల్లలు నిద్రలో కూడా చెప్తారు. అన్నేళ్ళు హైదరాలీ సైన్యాలు, ఇంగ్లీషువాళ్ళ సైన్యాలు ఈ చుట్టుపక్కల తిరుగుతుంటే పల్లెల్లో గింజలు ఎవరికి మిగిలాయని ఏ క్విజ్ మాస్టరూ అడగడు. ఇళ్ళల్లోనూ అంతే. భారతం కథ దుర్యోధనుడి తొడ విరగ్గానే ముగించేస్తాం. ఆ తర్వాత స్త్రీపర్వం ఉంది, కోడళ్ళను వెంటబెట్టుకుని గాంధారి శవాల మధ్య తిరుగుతుంది, తిక్కన గారు దాన్ని కూడా తెలుగు చేసి పెట్టారు. పద్యాలు కష్టమైతే కథగా చదివి వినిపించండి.

పిల్లలు భయపడతారంటారు కొందరు తల్లిదండ్రులు. మొబైల్లో తుపాకీ ఆట ఆడుతుంటే రాని భయం గాంధారి ఏడిస్తే వస్తుందా? ఆ మేలోనే పక్కన సత్యసాయి జిల్లా కల్లితండాకు చెందిన అగ్నివీర్ మురళీ నాయక్ సరిహద్దులో చనిపోయాడు. వాళ్ళమ్మానాన్నలకు ఒక్కడే కొడుకు. ఆ వార్త కూడా పిల్లల చేత పేపర్లో చదివించాను. చిన్నోడు ఆ అన్నకు ఎన్నేళ్ళని అడిగాడు, కాసేపయ్యాక మళ్ళీ మిద్దెక్కి స్కోరు వేసుకున్నాడు. వేసుకోనీయండి. ఒక్క పూటలో మారిపోవడానికి వాడేమైనా అశోకుడా?

ఇక వయసంటారా, ఒక మనిషి ఎక్కడికి పోయాడని అడిగే వయసొస్తే చాలు. చదివించాక నీతి మాత్రం చెప్పకండి, అడిగినదానికి తెలిస్తే చెప్పండి, లేకపోతే లేదనండి. వీలైతే ఎర్రగుడికి తీసుకెళ్ళండి. తిరుపతి నుంచి గుత్తి దాకా రైలుంది, అక్కడి నుంచి పత్తికొండ రోడ్డులో పోవాలి. ఎండాకాలం మాత్రం వద్దు, ఆ బండల మీద కాళ్ళు కాలిపోతాయి.