ట్రౌట్‌కి ఏ వేళ వెళ్లాలి, తమ్ముడూ

అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్ వచ్చి మూడు నెలలైంది, శనాదివారాలు గడవట్లేదు, ఫ్లై ఫిషింగ్ (పురుగులాంటి ఉత్తుత్తి ఎరతో చేపలు పట్టడం) మొదలుపెడదామనుకుంటున్నా, పొద్దున వెళ్లాలా సాయంత్రమా అని అడిగావు. మీది భీమవరం, మాది రాజోలు. సంక్రాంతికి వచ్చి మా అరుగు మీద కూర్చుని రాస్తున్నా, మన లెక్కలోనే చెబుతా.

చేపలంటే తెల్లవారుజామే అనుకుంటావు, నేనూ అలాగే అనుకున్నా. చిన్నప్పుడు కాలవ గట్టున వానపాము గుచ్చి గేలం వేసింది చీకటితోనే కదా. అక్కడికి వెళ్లిన ఏడాది అక్టోబరు చివర్లో తెల్లవారకముందే లేచి గంటన్నర కారు తోలుకుంటూ సౌత్ ప్లాట్ నదికి పోయా. రాడ్ రింగుల్లో మంచు గడ్డకట్టి దారం కదల్లేదు, వేళ్లకి స్పర్శ పోయింది, పది దాటినా ఒక్క చేపా లేదు. సామాను సర్దేసి కారులో పెరుగన్నం తింటుంటే పదకొండున్నరకి ఎండ నీళ్ల మీద పడింది, అప్పుడు మొదలయ్యాయి చేపలు పైకొస్తున్న వలయాలు నీటి మీద! మళ్లీ అన్నీ విప్పే ఓపిక లేక వెనక్కొచ్చేశా.

తర్వాతి జూలైలో దీనికి ఉల్టా. ఒంటిగంటకి భోంచేసి ఒక పల్లపు వాగులో దిగా. దొరికిన ఒక్క చేపా వదిలేస్తే వెల్లకిలా తేలింది, ఇప్పటికీ బాధే. ట్రౌట్ చల్లనీళ్ల చేప. నీళ్లు 10 నుంచి 18 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే బాగా తింటుంది, 20 దాటితే గేలం తీసెయ్యాలి, ఎందుకంటే వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ. మీ చెరువుల్లో ఆ గండం తెల్లవారుజామున వస్తుంది, అక్కడి ఏళ్లలో వేసవి మధ్యాహ్నం వస్తుంది. పైగా ఆ వేళ కొండల్లో పిడుగులు, చేతిలో పొడుగు రాడ్.

అందుకని గడియారం కంటే ముందు ఒక థర్మామీటర్ కొనుక్కో. వేసవిలో తెల్లవారినప్పటి నుంచి పదిదాకా, మళ్లీ పొద్దుగూకే ముందు రెండు గంటలు. మన తొలకరికి ఉసిళ్లు లేచినట్టు సాయంత్రం నీటి మీద పురుగులు లేస్తాయి, వాటి కోసమే చేప పైకొస్తుంది. వసంతంలో, ఆకులు రాలే కాలంలో పది నుంచి మూడు. ఇప్పుడు చలికాలం కాబట్టి పదకొండు తర్వాతే గేలం వెయ్యి. వేసవిలో మబ్బు పట్టిన రోజైతే, ఉరుములు లేకుండా నీళ్లు చల్లగా ఉంటే, ఎప్పుడైనా పర్లేదు. డ్యామ్ కింది నీళ్ల వేడి పెద్దగా మారదు, అక్కడ ఇంత పట్టింపు అక్కర్లేదు. 16 ఏళ్లు నిండినవాళ్లకి లైసెన్సు తప్పనిసరి, మిగతా రూల్స్ రాష్ట్రం వెబ్‌సైట్‌లో ఉంటాయి, చూసుకో.

నాకు టెన్షన్ పెట్టింది మాత్రం శనాదివారాలు గడవట్లేదన్న నీ మాట. ఏటి ఒడ్డున ఒంటరిగా నిలబడితే మనసు తేలికపడుతుందంటారు, కొత్తగా వచ్చినవాడికి అలా ఉండదు, నేను పడ్డాను. వేసవిలో చేప బాగా పడే సాయంత్రం ఏడున్నర ఇక్కడ అమ్మకి పొద్దున్న ఏడు, కాఫీ తాగుతూ ఫోన్ కోసం చూసే వేళ. ఆ లోయల్లో సిగ్నల్ ఉండదు. నేను వరసగా ఆరు ఆదివారాలు ఫోన్ చెయ్యలేదు, అమ్మ అన్నం మానేసిందని చెల్లెలు తర్వాత చెప్పింది. ఐదున్నరకే, బయల్దేరే ముందే చేసెయ్, అప్పటికి ఇక్కడ ఐదవుతుంది, లేచే ఉంటారు. ఒక్కడివే మాత్రం నీళ్లలో దిగొద్దు, రాళ్లు జారతాయి, పిలిస్తే పలికేవాడుండడు.

ఫిబ్రవరి మొదటి వారంలో తిరిగొస్తున్నా. శనివారం తొమ్మిదిన్నరకి నిన్ను ఎక్కించుకుంటా. వేడర్లు (నీళ్లలో దిగేటప్పుడు తడవకుండా వేసుకునే పొడుగు ప్యాంట్లు) కొనకు, నా పాత జత ఉంది, సాక్సులు మాత్రం మందంగా ఉన్నవి రెండు జతలు తెచ్చుకో.