ఆడటం వేరు, ఆడించడం వేరు

ప్రశ్న: మాది కావలి. మా అబ్బాయికి 23 ఏళ్లు, డిగ్రీ అయింది. యూనివర్సిటీ టీమ్‌లో ఫుట్‌బాల్ ఆడాడు. పోయినేడు మోకాలి లిగమెంటు తెగి ఆపరేషన్ చేయించాం. ఇక పెద్ద పోటీలు ఆడలేనని వాడే అంటున్నాడు. నెల్లూరులో బ్యాంకు కోచింగ్‌లో చేర్పిస్తానంటే, ఫుట్‌బాల్ కోచ్ అవుతానంటాడు. అదీ ఒక ఉద్యోగమేనా సార్?

జవాబు: ఉద్యోగమేనండీ. కాకపోతే మొదటి నాలుగైదేళ్లు ఒకటో తారీఖున ఠంచనుగా జీతం పడుతుందని నేను మాటివ్వలేను. క్లబ్బుల్లో అంతా కాంట్రాక్టే. వరసగా నాలుగు మ్యాచ్‌లు ఓడితే ముందు ఇంటికెళ్లేది కోచే.

అయినా నేను వద్దనను. నా భయం డబ్బు గురించి కాదు, వేరే. బాగా ఆడినవాళ్లలో చాలామంది నేర్పడం దగ్గర బోల్తా పడతారు. పదేళ్ల పిల్లాడికి బంతి ఆపడం రాకపోతే "ఇంత చిన్న విషయం రాదేంట్రా!" అని అరుస్తారు. తనకు ఎప్పుడో అలవోకగా వచ్చేసిన విద్య గనక, దాన్ని ముక్కలు చేసి చెప్పడం చేతకాదు. పాదం ఎటు తిప్పాలి, ఒంటి బరువు ఏ కాలి మీద ఉండాలి, బంతి రాకముందే తల ఎత్తి ఎటు చూడాలి... ఇవి ఓపిగ్గా చెప్పగలిగితేనే కోచ్.

మన తెలుగు నేల మీద దీనికి పెద్ద ఉదాహరణ హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీం గారు. వృత్తికి బడిపంతులు. 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత జట్టుకు బంగారు పతకాలు వచ్చింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దక్కింది ఆయన శిక్షణలోనే. వాటం లేని కాలితోనే తన్నాలి అన్న షరతు పెట్టి పోటీలు నడిపేవారట. పంతులు బుర్ర అంటే అదీ! ఇప్పటివాళ్లలో ఖాలిద్ జమీల్‌ని చూడండి. గాయాల వల్ల ఆట మానుకుని కోచ్ అయ్యాడు. 2016-17లో మిజోరంలోని ఐజ్వాల్ లాంటి చిన్న క్లబ్బుని జాతీయ క్లబ్బుల పోటీ ఐ-లీగ్‌లో విజేతను చేశాడు, 2025లో భారత జట్టు కోచ్ అయ్యాడు. మధ్యలో ఎన్నేళ్లు పట్టిందో లెక్కేసుకోండి.

మీ అబ్బాయిని ముందు ఒక పని చేయమనండి. మీ ఊళ్లో ఏదైనా హైస్కూల్ పీఈటీ గారిని అడిగి, పది పన్నెండేళ్ల పిల్లల్ని ఓ పదిహేను మందిని తీసుకుని, మూడు నెలలు వారానికి మూడు రోజులు పొద్దున్నే ఆడించాలి. ఏ రోజు ఏం నేర్పాడో, ఎవరికి ఏం రాలేదో నోట్‌బుక్‌లో రాయాలి. జట్టులో అందరికంటే వెనకబడ్డ పిల్లాడి మీద అతనికి విసుగొస్తుందా, పట్టుదల వస్తుందా? దాన్నిబట్టి తేలిపోతుంది.

అది కుదిరితే తర్వాత లైసెన్స్. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య డి లైసెన్స్‌తో మొదలుపెట్టి సి, బి, ఎ, ప్రో దాకా మెట్లున్నాయి. ఎక్కే కొద్దీ ఫీజూ పెరుగుతుంది, అనుభవమూ అడుగుతారు. పుస్తకం బట్టీ పడితే సరిపోదు, పరిశీలకుల ముందు గ్రౌండ్‌లో సెషన్ నడిపి చూపించాలి. అక్కడ ఇంగ్లీషు అవసరం పడుతుంది కాబట్టి, అందులో జంకు లేకుండా మాట్లాడటం ఇప్పటినుంచే అలవాటు చేసుకోమనండి. ప్రభుత్వ కోచ్ పోస్టుల మీద మనసుంటే పటియాలా జాతీయ క్రీడా సంస్థ డిప్లొమాకి విలువెక్కువ.

మీ టెన్షన్‌కి మందు బీపీఈడీ, అంటే వ్యాయామ విద్యలో డిగ్రీ. పీఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాస్తే రెండేళ్ల కోర్సు. చేతిలో ఆ పట్టా ఉంటే డీఎస్సీలో వ్యాయామ ఉపాధ్యాయ పోస్టులకు పోటీ పడొచ్చు. ప్రైవేటు స్కూళ్లూ తీసుకుంటాయి, గ్రౌండ్ అంటూ ఉంటే! పీఈటీగా ఉంటూ సాయంత్రాలు పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుకోవచ్చు, సెలవుల్లో లైసెన్స్ కోర్సులకు వెళ్లొచ్చు. అకాడమీల్లో చేరాలంటే చెన్నై మీకు రైలు దూరమే. అనంతపురంలో ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ల క్రీడా గ్రామం ఉంది, ఒకసారి చూసి రమ్మనండి.

మోకాలి విషయంలో మాత్రం డాక్టరు సరేననేదాకా గ్రౌండ్‌లో పరుగులొద్దు. పిల్లలకు చూపించడానికైనా సరే.

ఆ మూడు నెలల్లో ఒక పొద్దున అతనికి చెప్పకుండా మీరూ వెళ్లి దూరంగా నిలబడి చూడండి. ఏం కనిపించిందో నాకు రాయండి, బ్యాంకు కోచింగ్ సంగతి అప్పుడు మాట్లాడదాం.