ఫోన్ లాక్కుంటే సరిపోదు

ప్రశ్న: మా పాప తొమ్మిదో తరగతి. నెల రోజులుగా పొద్దున లేస్తే కడుపునొప్పి అంటూ స్కూలు మానేస్తోంది. స్కానింగ్, రక్తపరీక్షలు నార్మల్. మొన్న అసలు సంగతి తెలిసింది. ఎవరో తన ఫొటోతో ఇన్‌స్టాగ్రామ్‌లో దొంగ అకౌంట్ తెరిచి, నల్లగా ఉందంటూ వెక్కిరిస్తున్నారట. ఫోన్ లాక్కున్నాం. అప్పటి నుంచి మాతో మాట్లాడటం లేదు. ఏం చేయాలి?
- ఒక తల్లి, హనుమకొండ

జవాబు: అమ్మా, పాప కడుపునొప్పి నాటకం కాదు. భయం, టెన్షన్ పేగుల మీద పనిచేస్తాయి. రిపోర్టులు బాగున్నా నొప్పి నిజమే.

మీరు భయంతోనే ఫోన్ తీసుకున్నారు. కానీ పాపకు మాత్రం, ఏడిపించినవాళ్లను వదిలేసి తనకే శిక్ష వేసినట్టు ఉంటుంది. 'ఇంట్లో ఎందుకు చెప్పలేదు?' అని నేను అడిగితే పిల్లలు చెప్పే జవాబు తరచూ ఇదే: 'ఫోన్ తీసేసుకుంటారని డాక్టర్.' పైగా పోస్టులు ఆగవు. ఇప్పుడేం రాస్తున్నారోనని తను ఊహించుకుంటూ కుమిలిపోతుంది.

ఈ రాత్రే ఫోన్ తిరిగివ్వండి. 'నీ తప్పేం లేదు, నీకు చెప్పకుండా మేం ఏదీ చేయం' అనండి. వెంటనే మాట్లాడకపోవచ్చు. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే నోరు విప్పని పిల్లలు, బండి వెనక కూర్చున్నప్పుడు అమ్మ భుజం మీదుగా అంతా చెప్పేస్తారు. మధ్యలో ఆపకుండా వినండి.

బ్లాక్ చేసే ముందు అకౌంట్ పేరు, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసుకోండి. తర్వాత రిపోర్ట్ కొట్టండి. పాపను తిరిగి జవాబు రాయనివ్వొద్దు. ఆ పిల్లల ఇళ్లకు వెళ్లి గొడవపడటం కన్నా హెడ్మాస్టర్‌ను కలవడం మేలు. క్లాసులో పాప పేరెత్తి మందలించొద్దని ముందే చెప్పండి, లేదంటే వెక్కిరింపులు ఎక్కువవుతాయి. ఫొటోను అసభ్యంగా మార్ఫింగ్ చేసినా, బెదిరించినా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098 కూడా ఉంది. అలాంటి చిత్రాన్ని సలహా కోసమైనా ఎవరికీ ఫార్వర్డ్ చేయొద్దు.

నిద్ర, తిండి తగ్గి రెండు వారాలు దాటితే సైకియాట్రిస్టుకు చూపించండి. 'నేను లేకపోతే బాగుండు' అన్నా, చేతుల మీద గాట్లు కనిపించినా ఆ రోజే తీసుకెళ్లండి, ఒంటరిగా వదలొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

ఇంకొకటి. ఇంటికొచ్చిన చుట్టాలు పాప రంగు గురించి సరదాకి ఏదైనా అంటుంటే, పాప ముందే వాళ్లను ఆపండి.