ఆ చాకును సాండ్ పేపర్‌తో రుద్దకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందిన రోజే చదివాను. నాయనమ్మ మాటలు బాగా పట్టావు. ఇక మిగతాది చెబుతాను, చిన్నబుచ్చుకోకు తల్లీ.

కథ చివర్లో ఆ పిల్ల తాతగారి జేబుచాకును సాండ్ పేపర్‌తో రుద్ది, చింతపండుతో తోమి ‘అద్దంలా మెరిపించింది’ అన్నావు. అక్కడ నాకు ఒళ్లు మండింది. ఆ చాకు నిజంగానే మీ ఇంట్లో ఉందని రాసి ఫోటో కూడా పంపావు కాబట్టి కథ సంగతి అలా ఉంచు. ఆ పని నువ్వు మాత్రం చేయకు. ఇంకా చేయలేదని ఫోటోలో తెలుస్తోంది, అదృష్టం.

కథ మొత్తం వెతికినా ఆ చాకు గురించి ‘పాతకాలపు విదేశీ చాకు’ అన్న ముక్క తప్ప ఇంకేమీ లేదు. ఎవరు చేశారు? ఎప్పటిది? పిడి దేనిది? నేను ఫోటోను పెద్దది చేసి చూశాను. అలుగు, అంటే కోసే రేకు, పిడిలోకి దిగే చోట ఒక నక్షత్రం, పక్కన మాల్టా శిలువ ఉన్నాయి. అది ఇంగ్లండ్‌లో షెఫీల్డ్ ఊరి జోసెఫ్ రాడ్జర్స్ అండ్ సన్స్ వాళ్ల గుర్తు. 1682 నాటిదని ఆ కంపెనీ చెప్పుకునేది. అయితే గుర్తు చూసి సంబరపడి ఊరుకోకు. షెఫీల్డ్ పేర్లు కొట్టి జర్మనీ చాకులు అమ్మినవాళ్లు ఉన్నారు. ఆ బెడద పడలేకే 1887లో బ్రిటన్ చట్టం తెచ్చింది, అలాంటి సరుకు మీద అది తయారైన దేశం పేరు ఉండాలని. కాబట్టి కింది అక్షరాలు కూడా చదవాలి. నీ ఫోటోలో అక్కడ తుప్పు కమ్మింది. అక్కడ కిరీటం బొమ్మకు అటూ ఇటూ వి, ఆర్ ఉంటే విక్టోరియా రాణి కాలం, అంటే 1901 లోపు. జి, ఆర్ ఉంటే 1910 తర్వాతి జార్జి రాజుల కాలం అయ్యే అవకాశం ఎక్కువ. ‘స్టెయిన్‌లెస్’ అని ఉంటే మాత్రం 1913కు ముందుది కానే కాదు, షెఫీల్డ్‌లోనే హ్యారీ బ్రేర్లీ ఆ ఉక్కు చేసింది ఆ ఏడే. సాండ్ పేపర్ మొట్టమొదట తినేసేది ఈ అక్షరాలనే.

పిడి గరుకుగా, గోధుమరంగు గాడులతో కొమ్ములా కనిపిస్తోంది. షెఫీల్డ్ వాళ్లు చాకు పిడులకు మన దేశం నుంచి కణుజు, అంటే సాంబర్ జింక, కొమ్ము తెప్పించుకునేవాళ్లు. మన అడవుల్లో రాలిన కొమ్ము ఓడెక్కి వెళ్లి, చాకై తిరిగొచ్చి, ఒక కరణంగారి జేబులో చేరి ఉండవచ్చు. ఇంత చేతిలో పెట్టుకుని ‘వారసత్వపు బరువు’ అని రాస్తావా? ఇప్పుడు కథలో చెంబు కనపడితే ప్రతీక, గడప కనపడితే ప్రతీక. చాకు ముందు చాకుగా ఉండాలి. అది కోయాలి, తుప్పు పట్టాలి, చేతిలో బరువు తెలియాలి. ఆ తర్వాత దానికి ఎన్ని అర్థాలైనా రానీ.

నేను విజయవాడలో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతూ రాత్రిళ్లు కథలు రాసేవాణ్ణి. కమ్మరి మీద కథ కోసం సెలవు దొరికినప్పుడల్లా కొలిమి దగ్గర కూర్చున్నాను. కాలిన ఇనుము ఏ రంగుకు వచ్చాక ఆయన నీళ్లలో ముంచుతాడో చూసి ఒక పేరా రాశాను. పేరున్న వారపత్రిక ఎడిటర్ దాని మీద ఎర్రగీత కొట్టి, ‘ఇది అనవసరం, ప్రేమకథ పెంచండి’ అని తిప్పి పంపాడు. అద్దె కట్టలేని నెల అది. అయినా పెంచలేదు. ఆయన్ని ఇప్పటికీ క్షమించలేదు. ఇప్పటివాళ్లు ‘స్లోగా ఉంది’ అంటున్నారు, నాకు రెండూ ఒకటే.

ఫోటోలో ఇంకొకటి చూడు. అలుగు నడుమ లోపలికి అరిగి, మొన దగ్గర వెడల్పుగా మిగిలింది. అంటే మీ తాతగారు సానరాయి మీద మొనదాకా లాగకుండా నడుమనే రుద్దేవారన్నమాట. నీ కథలో తాతగారికి ముఖం ఉంది, మాట ఉంది, చేతులు మాత్రం లేవు. గ్రైండర్ చక్రం మీద పదును పెట్టిస్తే ఆ అరుగుదల నిమిషంలో పోతుంది. అటు తీసుకెళ్లకు.

ఉక్కు మీది నీలిబూడిద మచ్చలు మురికి కాదు. వాడకంలో కట్టిన ఆ పొర తుప్పును కొంత ఆపుతుంది, వదిలెయ్. ఎర్రగా, వేలికి పొడిలా అంటుకునేదే తుప్పు. దాని మీద కుట్టుమిషన్ నూనె చుక్క వేసి, రాత్రంతా నాననిచ్చి, పాత బనియన్ గుడ్డతో తుడువు. పోకపోతే మళ్లీ నూనె వేయి, బలం చూపించకు. మడతలో పేరుకున్న నూలుపోగులు సన్నటి పుల్లతో తీసి, కీలు దగ్గర ఒక చుక్క వేసి మెల్లగా తెరిచి మూయి. వంటనూనెలు వద్దు, జిగురు కడతాయి. వేడినీళ్లలో వేస్తే పిడి పగులుతుంది. చింతపండు పులుపు ఉక్కును తింటుంది. తోలుసంచిలో దాచకు, అది చెమ్మ పట్టి లోపలి ఇత్తడికి చిలుము తెస్తుంది. పొడి నూలుగుడ్డలో చుట్టి పెట్టు.

ఏ పత్రికకు పంపాలని అడిగావు, పేరు మార్చాలా అని అడిగావు. అవి ఇప్పుడు వద్దు. తుప్పు వదిలాక కిరీటం పక్కన ఏ అక్షరం ఉందో నాకు రాయి. ఉద్యోగంలో చేరినప్పుడు తాతగారు బెజవాడలో దాన్ని కొన్నారనీ, 1984లో కరణీకాలు రద్దయ్యాక పెట్టెలో పడేశారనీ రాశావు. అక్కడ వి ఉందంటే అది ఆయన కొన్నది కాకపోవచ్చు. కరణీకంతో పాటే వాళ్ల నాన్నగారి నుంచి వచ్చి ఉంటుంది. అప్పుడు నీ కథలోకి మీ ముత్తాత కూడా రావాలి.