పురుగు చిక్కిన తర్వాత

చిరంజీవి అమ్మడికి,

పురుగుల్ని పట్టి తినే నీ వీనస్ ఫ్లైట్రాప్ మొక్క మొదటిసారి ఈగను పట్టిందనీ, అప్పట్నించీ గంటకోసారి వెళ్ళి చూస్తున్నాననీ రాశావు. ఎంతసేపైనా చూడు, ముట్టుకోకు మాత్రం. పురుగు చిక్కాక ఆ మొక్కకు మనం చేసే సాయం కంటే చెరుపే ఎక్కువ.

ఆకు చివర రెండు రెక్కలుగా ఉండే బోను టక్కున మూసుకోగానే పని అయిపోయిందనుకుంటారు గానీ, అసలు పని అప్పుడే మొదలు. కొంచెం వంగి దగ్గరగా చూడు. కొత్తగా మూసుకున్నప్పుడు అంచు ముళ్ళు రెండు చేతుల వేళ్ళు పెనవేసినట్టు ఉంటాయి, మధ్యలో సందులుంటాయి. మరీ చిన్న పురుగైతే ఆ సందుల్లోంచి జారిపోతుంది. లోపల ఈగ కొట్టుకుంటూ అక్కడి సన్నటి వెంట్రుకల్ని మళ్ళీమళ్ళీ తాకితేనే బోను బిగుస్తుంది. కొన్ని గంటలకు రెక్కల అంచులు రెండూ గట్టిగా అతుక్కుని, ముళ్ళు బయటికి విచ్చుకుంటాయి. జీర్ణరసం ఊరేది అప్పుడే. కదలిక లేకపోతే ఒకటి రెండు రోజుల్లో బోను మళ్ళీ తెరుచుకుంటుంది. చచ్చిన పురుగు వేసి ఊరుకుంటే లాభం లేదన్నది ఇందుకే. వేసి తీరాలనుకుంటే, మూసుకున్నాక బోను రెండు వైపులా వేలితో అర నిమిషం మెల్లగా నొక్కుతూ వదులుతూ ఉండు. లోపలి వెంట్రుకలకు పురుగు కదిలినట్టే తగులుతుంది.

అరగడానికి 5 నుంచి 12 రోజులు పడుతుంది. చలిగా ఉంటే ఇంకా ఆలస్యం. తెరుచుకున్నాక ఈగ డొల్ల మాత్రం మిగులుతుంది. చూడ్డానికి బాగాలేదని దాన్ని తీయబోకు. బోను ఒక్కో రెక్కలో మామూలుగా మూడు వెంట్రుకలుంటాయి. 20 సెకన్ల లోపు రెండుసార్లు తగిలితే చాలు, బోను మళ్ళీ మూసుకుంటుంది. తిండి లేకుండా మూసుకున్న ప్రతిసారీ మొక్క బలం వృథా. డొల్ల గాలికో వానకో దానంతటదే పోతుంది, ఉన్నా నష్టం లేదు.

ఒక్కో బోను మూడు నాలుగు పురుగుల్ని అరిగించుకున్నాక నల్లబడి ఎండిపోతుంది. అది తెగులు కాదు, దాని ఆయుష్షు అంతే. పూర్తిగా నల్లబడ్డాక మెడ దగ్గర కత్తెరతో తీసెయ్. కింద పచ్చగా ఉన్న కాడను మాత్రం కొయ్యకు, అది ఇంకా ఎండను తిండిగా మార్చుకుంటూనే ఉంటుంది.

మొదటి పురుగుకే నల్లబడితే, పురుగు పెద్దదై ఉంటుంది. కాలో రెక్కో అంచు దాటి బయటికి వస్తే బోను అతుక్కోదు, లోపల కుళ్ళు పడుతుంది, బూజు పడుతుంది. బోనులో మూడో వంతుకు మించిన పురుగు వద్దు. మాంసం ముక్క, జున్ను లాంటివి అసలే వద్దు, అవి అరగక కుళ్ళిపోతాయి. రెండు మూడు వారాలకు ఒక్క బోనుకు ఒక్క పురుగు దొరికితే మొక్క మొత్తానికీ చాలు. ఆరుబయట ఉంటే నువ్వు వేయనే అక్కర్లేదు. పురుగుల నుంచి వచ్చేది నత్రజని, భాస్వరం. బలమంతా ఎండదే. ఎండ తగలని మొక్కకు ఈగలు మేపితే ఉన్న బోన్లూ కుళ్ళుతాయి.

ఆకుల మీది జిగురుతో పురుగుల్ని పట్టే డ్రోసెరా కూడా తెప్పించుకుంటానన్నావుగా. దాని జిగురు బొట్లు పురుగును పట్టగానే చుట్టూ ఉన్న జిగురు వెంట్రుకలు అటు వంగుతాయి. కేపెన్సిస్ రకంలో ఆకే చుట్టుకుంటుంది. డొల్లల్ని నీళ్ళతో కడగకు, జిగురంతా పోతుంది. పెద్ద పురుగు మీద బూజు కనిపిస్తే మాత్రం ఆ ఆకు ఒక్కటి కత్తిరించు.

కూజాల్లాంటి ఆకుల్లో పురుగుల్ని పట్టే నెపెంథిస్ ఉంటే, ఆ కూజాల్లో నీళ్ళు వంపకు. ఆ నీళ్ళే దాని కడుపు. కుండీ ఒరిగి ఒలికిపోతే మూడో వంతు వరకు డిస్టిల్డ్ వాటర్ పొయ్యి. కూజా మూత వైపు నుంచి కిందికి ఎండుతూ వస్తుంది, అడుగు పచ్చగా ఉన్నన్నాళ్ళూ అక్కడ అరుగుదల సాగుతూనే ఉంటుంది. ఎండిన మేర వరకే కత్తిరించు. కూజా కంపు కొడుతోందంటే అరిగించుకోలేనంత పడిందని. కొన్నాళ్ళు ఏమీ వెయ్యకు. సర్రసీనియా అనే మొక్కకు ఆకులే నిలువు గొట్టాలు, వాటిలో పురుగులు పేరుకున్న చోట గోధుమరంగు పట్టీలాంటి మచ్చ వస్తుంది. అదీ తిండి ఎక్కువైనందువల్లే. గొట్టం మిగతా భాగం బాగానే ఉంటుంది, కొయ్యక్కర్లేదు.

ఫ్లైట్రాప్‌కు చలికాలంలో మూడు నాలుగు నెలలు నిద్ర. అప్పుడు బోన్లు మెల్లగా మూసుకుంటాయి, లోపలిది అరిగేలోపే కుళ్ళుతుంది. ఆ నెలల్లో తిండి పూర్తిగా మానెయ్. మట్టి తడి ఆరకుండా ఉంచితే సరి.

ఈగ సంగతి ఇంత వివరంగా రాశావు గానీ, ఏ నీళ్ళు పోస్తున్నావో రాయలేదు. వాన నీళ్ళు, డిస్టిల్డ్ వాటర్, ఆర్వో నీళ్ళు, ఈ మూడే పనికొస్తాయి. నీళ్ళలో కరిగిన లవణాల్ని కొలిచే టీడీఎస్ మీటర్ ఉంటే 50 లోపు చూపాలి. కుండీ కింద పళ్ళెంలో ఒకటి రెండు సెంటీమీటర్ల ఎత్తున నీళ్ళు నిలవాలి. నెపెంథిస్‌కు మాత్రం పళ్ళెం వద్దు, వేళ్ళు కుళ్ళుతాయి. ఎరువు చిటికెడు కూడా వెయ్యకు. కుళాయి నీళ్ళే పోస్తుంటే, ఈ ఉత్తరం చదవగానే పళ్ళెం ఒంపేసి, మట్టిలోంచి ధారాళంగా దిగిపోయేలా పైనుంచి ఆ మూడింట్లో ఏవో ఒక నీళ్ళు రెండు మూడుసార్లు పొయ్యి. ఏ నీళ్ళో నాకు వెంటనే రాయి.

మీ పెద్దమ్మ