కాజీపేట ఫుట్‌బాల్ కప్పు ఎప్పుడు మొదలైంది, ఎందుకు ఆగిపోయింది?

కాజీపేటలో ఒకప్పుడు రైల్వే, మిల్లు టీంలు ఆడిన కప్పు చరిత్ర ఎవరికైనా తెలుసా, క్రికెట్ వల్లే ఆగిపోయిందా అని అడిగారు కదా. మా బాపు రైలింజన్లు బాగుచేసే లోకోషెడ్‌లో ఫిట్టర్, ఆ టీంలో లెఫ్ట్ బ్యాక్, అంటే ఎడమ పక్క గోల్ కాపాడే డిఫెండర్. ఆయన ఆడిన కప్పు గురించి చెప్తా.

మొదలైన సంవత్సరం కప్పు మీదే చెక్కి ఉండేది, అది చెరిగిపోయింది మా ఇంట్లోనే. అది రోలింగ్ కప్పు, అంటే గెలిచినవాళ్లు ఏడాదంతా ఉంచుకొని మళ్లీ టోర్నమెంటుకు ముందు తెచ్చి ఇవ్వాలి. కింద నల్ల చెక్క దిమ్మ, దాని చుట్టూ వేలెడంత రేకులు, రేకుకో టీం పేరు, సంవత్సరం. డెబ్భైల చివర్లో లోకోషెడ్ గెలిచినప్పుడు కెప్టెన్ క్వార్టర్ వానకు కురుస్తుందని కప్పు మా ఇంటికి వచ్చింది. దసరా ముందు మా అమ్మ దేవుడి సామాన్లతో పాటు దాన్నీ చింతపండు, బూడిద పెట్టి శుభ్రంగా తోమింది. పైన నికెల్ పూత లేచిపోయి లోపలి ఇత్తడి పచ్చగా బయటపడింది, మొదటి రెండు రేకులు అద్దంలా నున్నగా అయ్యాయి. బాపు రెండు రోజులు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత తెలిసిందేమంటే, అంతకుముందు గెలిచినవాళ్ల ఇళ్లలోనూ దాన్ని ఇట్లాగే తోమారట, మా అమ్మ చేతిలో ఆఖరి అక్షరాలు పోయాయి, అంతే.

ఇక టీంలు. ఊరి పేరుతో ఒక్క టీం ఉండేది కాదు, అన్నీ పనిచేసే చోటుని బట్టే. లోకోషెడ్ ఒకటి, 1934లో నిజాం వరంగల్‌లో పెట్టించిన ఆజం జాహి బట్టల మిల్లు వాళ్లది ఒకటి, బల్హార్షా లైన్లో బెల్లంపల్లి, మందమర్రి నుంచి ప్యాసింజర్ దిగి వచ్చే సింగరేణి గనుల వాళ్లు. గనుల టీం అంటే అందరికీ టెన్షనే, వాళ్ల ఊపిరి అట్లాంటిది, చివరి పది నిమిషాల్లోనే గోల్స్ కొట్టేవాళ్లు. లైట్లు లేవు, పైగా షిఫ్టుకు పోవాలి కాబట్టి ఒక్కో హాఫ్ ముప్పై నిమిషాలే. ఫైనల్ డ్రా అయి చీకటి పడితే ఇద్దరూ విజేతలే, కప్పు ఆరు నెలలు వాళ్ల దగ్గర, ఆరు నెలలు వీళ్ల దగ్గర. ముందు ఎవరు తీసుకుపోవాలన్నదానికి టాస్. ఆ టాస్ దగ్గర జరిగిన కొట్లాటలు ఆటలో కూడా జరగలేదని బాపు అనేవాడు.

అప్పటి పిచ్చి అర్థం కావాలంటే హైదరాబాద్ వైపు చూడాలి. అక్కడి పేరున్న ఫుట్‌బాల్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, అందరూ రహీం సాబ్ అనేవాళ్లు, ఆయన కోచింగ్‌లో సిటీ పోలీస్ టీం 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు బొంబాయిలో జరిగే పెద్ద టోర్నమెంటు రోవర్స్ కప్ కొట్టింది. ఆయన కోచ్‌గా మన దేశం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారం తెచ్చింది. ఆ వార్తలు వింటూ పెరిగిన పిల్లలే తర్వాత షెడ్డులో, మిల్లులో చేరారు. 1952 హెల్సింకీలో మనవాళ్లు చాలామంది ఉత్తకాళ్లతో ఆడి యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడాక బూట్లు తప్పనిసరి చేశారంటారు, మా దగ్గర మాత్రం చాలా ఏళ్ల తర్వాత కూడా మిల్లు టీంలో ఒకాయన మడమకు గుడ్డ చుట్టుకొని ఉత్తకాళ్లతోనే దిగేవాడు. బాపు బూటు ఆయన కాలి మీద పడితే అరిచింది బాపే అని ఇప్పటికీ చెప్పుకుంటారు.

క్రికెట్ వల్ల ఆగిపోయిందన్న మాట నేను ఒప్పుకోను. 1983 తర్వాత గ్రౌండులో వికెట్లు దిగింది నిజమే, కానీ సాయంత్రం ఐదింటికి పిల్లలు పక్కకు జరిగేవాళ్లు. అసలు దెబ్బ ఉద్యోగాల్లో పడింది. బాగా ఆడే కుర్రాడికి షెడ్డులో ఏదో ఒక పని దొరికేది, ఆటకు అదే ఆశ. ఆవిరి ఇంజన్లు పోయి డీజిల్, కరెంటు ఇంజన్లు వచ్చాక పాత జట్టు తలా ఓ షెడ్డుకు చెదిరిపోయింది, కొత్తవాళ్లను తీసుకోవడం తగ్గింది. మిల్లు కుంటుతూ కుంటుతూ 2002లో మూతపడింది, వీఆర్ఎస్, అంటే స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్న మనిషి ఏ టీం తరఫున ఆడతాడు చెప్పండి? చివరిసారి నాలుగే టీంలు వచ్చాయి, అందులో ఒకటి పదిమందితోనే దిగింది.

కప్పు ఇప్పుడు బాపు దోస్తు ఒకాయన అల్మారాలో ఉంది. పోయినేడు చూసొచ్చా, దిమ్మ మీద పేర్లు లేని రేకులు నాలుగు ముందే కొట్టి పెట్టి ఉన్నాయి. ఫొటో అమ్మకు చూపిస్తే తప్పు చింతపండుది కాదంటుంది, రేకులే నాసిరకమట.