దెయ్యాల బీటు నుంచి ఆస్కార్ దాకా: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: త్రీ 6 మాఫియా అనే ర్యాప్ బృందం పాత పాటలు వింటే వెన్నులో చలి పుడుతుంది. అలాంటి పాటలు పాడినవాళ్లకు ఆస్కార్ ఎలా వచ్చింది?

జవాబు: ఆస్కార్ వచ్చింది భయపెట్టే పాటకు కాదు. డీజే పాల్, జ్యూసీ జె, లార్డ్ ఇన్‌ఫమస్ 1991లో అమెరికాలోని మెంఫిస్‌లో ఈ బృందాన్ని మొదలుపెట్టారు. సొంతంగా రికార్డు చేసి, క్యాసెట్లు ఊళ్లోనే అమ్ముకున్నారు. మొదటి ఆల్బం 'మిస్టిక్ స్టైల్జ్' 1995లో ప్రాఫెట్ అనే చిన్న లేబుల్ మీద వచ్చింది. దాన్ని దుకాణాలకు చేర్చింది కూడా మెంఫిస్ సంస్థే, సెలెక్ట్-ఓ-హిట్స్. 1997 నాటికి రెలెటివిటీ అనే లేబుల్‌తో ఒప్పందం కుదిరింది, 2000లో 'వెన్ ద స్మోక్ క్లియర్స్' అమెరికా ఆల్బంల పట్టిక బిల్‌బోర్డ్ 200లో 6వ స్థానంలో అడుగుపెట్టింది. ఈలోగా పాటల్లో దెయ్యాలు పలచబడి, క్లబ్బుల హోరు పెరిగింది. మెంఫిస్ కథతోనే వచ్చిన 'హజిల్ అండ్ ఫ్లో' సినిమాకు రాసిన పాటే 2006 మార్చిలో ఆస్కార్ తెచ్చింది. మన 'నాటు నాటు' 2023లో గెలిచిన విభాగమే అది. పురస్కారం పాల్, జ్యూసీ జె, పాట రాయడంలో తోడైన ర్యాపర్ ఫ్రేజర్ బాయ్‌ల పేరిట వెళ్లింది. తొలి ఆల్బంలో వినిపించే గ్యాంగ్‌స్టా బూ, కూప్‌స్టా నిక్కా అప్పటికే బృందంలో లేరు. ఎవరు వచ్చినా, ఎవరు వెళ్లినా బీట్లు కట్టేది పాల్, జ్యూసీ జెలే. బృందం నిలబడింది అందుకే. బహుమతి సంగతి అలా ఉంచితే, వినాల్సింది మాత్రం 'మిస్టిక్ స్టైల్జ్'.

ప్రశ్న: ఆ క్యాసెట్ల చప్పుడు ఇంట్లో కంప్యూటర్ మీద రాబట్టాలని చూస్తున్నాను. బేస్ అంతా ముద్దగా వస్తోంది. ఎక్కడ తప్పుతున్నాను?

జవాబు: చాలావరకు శ్రుతి దగ్గరే. పియానో గానీ గంటలు గానీ, ఒకే వాయిద్యం మీద నడిచే రెండు బార్ల (తాళపు చుట్ల) ముక్కను పాత రికార్డు నుంచి తీసుకుని (దీన్నే శాంపిల్ అంటారు) 3 సెమీటోన్లు (అర స్వరాలు) కిందికి దించండి. శ్రుతిని, వేగాన్ని విడదీసే టైమ్-స్ట్రెచ్ వాడొద్దు. వేగం కూడా 16 శాతం దాకా తగ్గుతుంది, ఆ ఈడ్పే మనకు కావాలి. శ్రుతి మారింది కాబట్టి 808 కిక్‌ను (808 డ్రమ్ మెషిన్ బేస్ డ్రమ్‌ను) కొత్త శ్రుతికి మళ్లీ కలపాలి. ఈ పని మరిచిపోతే కిక్, ట్యూన్ ఒకదాన్నొకటి తింటాయి. శాంపిల్‌లో 120 హెర్ట్జ్ కిందున్నది కోసేయండి. 808 తోక తర్వాతి దెబ్బ మీద పడకుండా దాన్ని ఒకసారికి ఒకే దెబ్బ మోగే మోనో పద్ధతిలో పెట్టండి. టెంపో నిమిషానికి 65–75 బీట్ల మధ్య చాలు. గొంతుకు లార్డ్ ఇన్‌ఫమస్ పద్ధతి పట్టుకోండి: ఒక్కో బీటుకు మూడేసి అక్షరాలు.

నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డరు దొరికితే డ్రమ్స్, శాంపిల్, బేస్ మొదటి మూడింటిలో ఎక్కించి, ఆ మూడింటినీ కలిపి నాలుగోదానిలోకి దింపండి. ఖాళీ అయిన మూడూ గొంతులకు. గొంతుల కోసం ఆ మూడూ ఒకసారి చెరిపాక బేస్ తగ్గిద్దామన్నా కుదరదు. పైగా ప్రతి దింపుడుకూ హిస్ (టేపు బుస) పెరిగి, పై స్వరాలు మందగిస్తాయి. హై-హ్యాట్‌ను (డ్రమ్స్‌లోని జంట తాళాల చప్పుడును) ముందే కాస్త ఎక్కువ పెట్టుకోండి. ఆ టేపు మామూలు ప్లేయర్‌లో పెడితే రెండు ట్రాకులే వినిపిస్తాయి, టేపు తిప్పితే మిగతా రెండూ వెనక్కి నడుస్తాయి. అందుకే చివరి మిక్స్ వేరే క్యాసెట్ మీదికి తీసుకోవాలి. కంప్యూటర్‌లో హిస్ ఒక్కటి కలిపితే టేపు అయిపోదు. 10 కిలోహెర్ట్జ్ పైన తగ్గించి, శ్రుతిలో చిన్న వణుకు పెట్టండి.

పాట విడుదల చేసే ఉద్దేశం ఉంటే అనుమతులు రెండు: రికార్డింగ్‌ది ఒకటి, బాణీది ఒకటి. ట్యూన్‌ను మీరే వాయించుకుంటే మొదటిది తప్పుతుంది గానీ రెండోది తప్పదు.

ప్రశ్న: గ్రేవ్‌డిగ్గజ్ అనే ర్యాప్ బృందం కూడా వీళ్ల బాపతేనా?

జవాబు: కాదు, వాళ్లది న్యూయార్క్. ప్రిన్స్ పాల్, రిజా (RZA), ఫ్రుక్వాన్, టూ పొయెటిక్ అందులోని సభ్యులు. ప్రిన్స్ పాల్, ఫ్రుక్వాన్ అంతకుముందు స్టెట్సాసానిక్ అనే ర్యాప్ బృందంలో ఉన్నవాళ్లే. మెంఫిస్ వాళ్లలో కనిపించని వెటకారం వీళ్లలో బోలెడు. 1994లో వచ్చిన తొలి ఆల్బం అమెరికాలో 'సిక్స్ ఫీట్ డీప్' పేరుతోను, బ్రిటన్‌లో మరో పేరుతోను అమ్ముడైంది. పాటలు దాదాపు అవే, రెండూ కొనకండి.